అత్తగారి చిన్న గ్లాసు

"అమ్మగారింకా రాలేదేంటండీ? మెషిన్ రెడీ చేసి ఉంచానండి" అని డయాలసిస్ సెంటర్ నుంచి ఫోను వచ్చేసరికి మా అత్తగారు పోయి ఎంతోసేపు కాలేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూ ఆ సెంటర్ వాళ్ళని మరిచిపోయాం. "ఇంక రారమ్మా" అన్నాను. అవతల ఉన్నది అక్కడి టెక్నీషియన్ అమ్మాయి. "మొన్న వెళ్తూ వెళ్తూ నాకు సంబంధం చూస్తానన్నారండి" అంది. ఫోను పెట్టేసింది.

ఆ ఉదయం కాఫీ పట్టుకెళ్ళి లేపబోతే పలకలేదు. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు. ఎడమ చెయ్యి అందుకుని మణికట్టు పైన వేళ్ళు ఆనించాను. డయాలసిస్ కోసం అక్కడ ధమనినీ సిరనీ కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు దాన్ని. రక్తం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒక్కసారిగా దూకుతుంది కాబట్టి, పైన వేళ్ళు పెడితే పిల్లి గురగురలాడినట్టు తెలుస్తుంది. పొద్దున్న లేవగానే ఆవిడ మొదట చూసుకునేది అదే. రెండోసారి చూసేదాన్ని నేను. ఆ రోజు చెయ్యి ఇంకా గోరువెచ్చగానే ఉంది గానీ గురగుర లేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. బాధపడలేదని కూడా అన్నారు. నమ్మాను, నమ్మాలని ఉంది కాబట్టి.

నేను రాజమండ్రిలో హైస్కూల్లో సైన్సు చెబుతాను. మూత్రపిండాలు రక్తంలోని వ్యర్థాలను వేరుచేస్తాయి, ఒంట్లో నీళ్ళూ లవణాలూ ఎక్కువ తక్కువలు కాకుండా చూస్తాయి అని ఏటేటా బోర్డు మీద రాసి, పిల్లల చేత రాయించి, మార్కులు వేస్తూ వచ్చాను. ఆ "ఎక్కువ తక్కువలు కాకుండా" అన్న ముక్క ఎంత పెద్ద చాకిరో మా అత్తగారి మూత్రపిండాలు మూలపడ్డాకే తెలిసింది. అవి రాత్రీ పగలూ చడీచప్పుడు లేకుండా చేసిన పనిని మేం పంచుకోవాల్సి వచ్చింది. రక్తం వైపు మెషిన్, నోటి వైపు నేను. మెషిన్ మీద ఎవరికీ కోపం రాదు. నా మీద వచ్చేది.

మెషిన్ పని ఎలా ఉంటుందో ఆవిడకి నేనే చెప్పాను. రక్తం ఒక గొట్టంలోంచి బయటికొచ్చి, వెంట్రుకల కంటే కాస్త లావుండే బోలు దారాల కట్టలోంచి పోతుంది. దారాల బయట, లెక్క ప్రకారం లవణాలు కలిపిన నీళ్ళు పారుతుంటాయి. దారం గోడలకి కంటికి కనపడని కన్నాలుంటాయి. రక్తంలో ఎక్కువైన యూరియా, పొటాషియం ఆ కన్నాల్లోంచి నీళ్ళ వైపు జారిపోతాయి, రక్తకణాలు దాటలేక లోపలే ఉండిపోతాయి. శుభ్రపడిన రక్తం మళ్ళీ ఒంట్లోకొస్తుంది. అంతా విని ఆవిడ, "అంటే నా రక్తం రోజు విడిచి రోజు పుట్టింటికెళ్ళి తలంటుకుని వస్తోందన్నమాట" అన్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత తేలిగ్గా నేనెప్పుడూ చెప్పలేదు. మర్నాడు క్లాసులో ఆ మాటే వాడుకున్నాను, పిల్లలు తెగ నవ్వారు.

ఆ పిల్లలే ఒకసారి ఇంటికొస్తే చెయ్యి చాపి కూర్చున్నారావిడ. ఒక్కొక్కళ్ళూ వచ్చి వేలు పెట్టి ఉలిక్కిపడుతుంటే, "భయమెందుకురా, లోపల గోదారి పారుతోంది, అంతే" అన్నారు. తర్వాత వాళ్ళకి బిస్కెట్లు పెట్టించి, నిండు గ్లాసులతో మంచినీళ్ళు ఇప్పించారు. వాళ్ళు గటగటా తాగుతుంటే ఒక్కొక్క గొంతు వంకా చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు నేను మరిచిపోలేను.

ఎందుకంటే ఆవిడకి నీళ్ళు కొలతే. మా ఆయన చిన్నప్పుడు పాలు తాగిన చిన్న స్టీలు గ్లాసు ఒకటుంది, దాంతోనే రోజంతా. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే లెక్క. మూత్రం రాదు కాబట్టి తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే ఉండిపోతుంది. మొదట కాళ్ళకి దిగుతుంది, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. "ఒళ్ళు కూడా ఇల్లేనే అమ్మాయ్. వచ్చినదానికి పోయే దారుండాలి" అనేవారు ఆయాసపడుతూ. మా డాబా ఎక్కితే గోదావరి ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా కనపడుతుంది. "అంత గోదారి పక్కనుండి గుక్కెడు నీళ్ళకి కోడల్ని అడుక్కోవాల్సొచ్చింది చూడు" అని ఒక్కోరోజు నవ్వుతూ అనేవారు, ఒక్కోరోజు నవ్వకుండా. ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్నానాలగదిలో కుళాయి ఎంతకీ ఆగకపోతే తాగేస్తున్నారనుకున్నాను. తలుపు తోసుకుని వెళ్ళాను. బకెట్ పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. "తాగట్లేదే, వింటున్నాను" అన్నారు. కుళాయి కట్టకుండా వచ్చేశాను.

ఆవిడది కోనసీమ. డాక్టరుగారు తినకూడనివి చదువుతుంటే, "ఇదేంటండీ, మా ఊరి సంత చదువుతున్నారు?" అన్నారట. అరటిపండు వద్దు, మామిడిపండు వద్దు, ఆవకాయ వద్దు. అన్నిటికంటే ముందు, కొబ్బరినీళ్ళు వద్దు. ఈ ఆఖరిది మా చుట్టాలెవరికీ మింగుడుపడలేదు. గుమ్మంలోకి మనిషొస్తే బొండం, జ్వరమొస్తే బొండం, ఆపరేషనై ఇంటికొస్తే బొండం. కొబ్బరినీళ్ళు ఒంటికి పడవన్న మాట ఆ సీమలో ఎవరి చెవికీ ఎక్కదు. అందులో పొటాషియం ఉంటుంది. మీరూ నేనూ తాగితే మన మూత్రపిండాలు ఎక్కువైనదాన్ని బయటికి పంపేస్తాయి. అవి పనిచెయ్యని మనిషి రక్తంలో అది పోగుపడుతుంది. కణం లోపల ఎంత, బయట ఎంత అన్న తేడాని పట్టుకునే గుండె కొట్టుకుంటుంది. ఆ తేడా చెడితే గుండెకి తాళం తప్పుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు కాక ముందటేడు శ్రావణమాసంలో జరిగింది చెప్పాలి. ఆవిడ అక్కగారు, మా పెద్దత్తయ్యగారు, కోనసీమలో ఒక లంక ఊళ్ళో ఉంటారు. ఊరికీ మెయిన్ రోడ్డుకీ మధ్య గోదావరి పాయ, దాని మీద కాజ్‌వే, అంటే పల్లపు వంతెన. ఆ పెద్దావిడ భర్త పోయి ఏడాదవుతుంటే సంవత్సరీకం పెట్టారు. వరదల కాలం, వద్దన్నాను. "మా అక్క ఒక్కతీ ఏడుస్తుంటే నేను మెషిన్ పక్కన పడుకోనా?" అన్నారు. ముందురోజు డయాలసిస్ అయింది, మర్నాడు మళ్ళీ ఉంది. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామనుకుని, నీళ్ళ క్యానూ చిన్న గ్లాసూ సంచిలో పెట్టుకుని బయలుదేరాం.

భోజనాలు అవుతుండగానే కాజ్‌వే మునిగింది. ఎగువన వానలు, ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారన్నారు. మర్నాటి డయాలసిస్ పోయింది. ఆ మర్నాటికి కింద వీధుల్లోకి నీళ్ళొచ్చాయి, కరెంటు లేదు, బోరు మోటారు తిరగదు, నూతిలో ఎర్రనీళ్ళు. లంకల్లో వాళ్ళకిది కొత్త కాదు. వరదొస్తే చెట్టు మీదున్నవే మంచినీళ్ళు. పొద్దున్నే గెలలు దింపి ప్రతి ఇంటి గుమ్మంలోనూ కుప్పలు పోశారు. పసిపిల్లల దగ్గర్నుంచీ పశువుల కాపర్ల దాకా అందరూ బొండాలే తాగుతున్నారు. మా అత్తగారు మాత్రం ఆ కుప్ప పక్కన కూర్చుని క్యాన్‌లోవి చిన్న గ్లాసుతో గొంతు తడుపుకుంటున్నారు. కళ్ళ కింద వాపు మొదలైంది. అన్నం పిడికెడు పెట్టి, అరటికాయ కూర పక్కకి తీసేయించాను. పెద్దత్తయ్యగారు నా వంక చూసిన చూపులో ఏముందో నాకు తెలుసు. కోడలు అత్తని మాడ్చేస్తోందనే.

రాజమండ్రిలో మా ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి పడవ కోసం బతిమాలుతున్నారు. ఉన్న రెస్క్యూ బోటు పురిటినొప్పులొచ్చిన అమ్మాయి కోసం పక్క లంకకి వెళ్ళిందనీ, అదొచ్చాక మాకేననీ ఫోనులో చెప్పారు. ఇంట్లో సిగ్నల్ లేదు. రేవు దగ్గరికెళ్తే కాస్త దొరుకుతుంది. మధ్యాహ్నమంతా అక్కడే నిలబడ్డాను. బోటు రాలేదు. నా ఫోను చచ్చిపోయాక తిరిగి ఇంటికొచ్చాను.

అరుగు మీద మంచంలో అత్తగారు పడుకుని ఉన్నారు. పెద్దత్తయ్యగారు తాటాకు విసనకర్రతో విసురుతున్నారు.

"ఇప్పుడే కాస్త తెరిపిన పడిందమ్మా" అన్నారావిడ. "ముఖంలో కళొచ్చింది చూడు."

"ఏమిచ్చారండీ?"

"నీళ్ళే. నువ్వు చెప్పినట్టే, ఈ గ్లాసుతోనే ఇచ్చాను. ఒక్క చుక్క ఎక్కువ పొయ్యలేదు. ఆ క్యాన్ నీళ్ళు వాసనేస్తున్నాయని అవి పక్కనెట్టి, బొండం నీళ్ళు పోశాను. గంటగంటకీ కాసిని కాసిని."

కొలత గురించి అంత గట్టిగా చెప్పాను కదా, ఆవిడ ఆ కొలతని దేవుడి మాటలా పాటించారు. మంచినీళ్ళ కంటే మంచివి పోశాననుకున్నారు. మెషిన్ లేక మూడోరోజు. లోపలికెళ్ళింది లోపలే ఉంటుంది.

"మీకు తెలుసు కదా అత్తయ్యా" అన్నాను వంగి.

"తెలుసే" అన్నారు కళ్ళు తెరవకుండా. "కాళ్ళు బరువుగా ఉన్నాయే అమ్మాయ్. నావి కానట్టున్నాయి" అన్నారు.

పొటాషియం కండరాల్ని పట్టేసిందన్నమాట. అప్పుడు అరిచాను. కొబ్బరినీళ్ళు ఆవిడకి విషమని ఎన్నిసార్లు చెప్పాలని పెద్దత్తయ్యగారి మీద, దాహమేస్తే నోరు పుక్కిలించి ఊసెయ్యలేరా అని అత్తగారి మీద, బోటు పంపని వాళ్ళందరి మీద, వీధంతా వినపడేటట్టు అరిచాను. తప్పనుకోవడం లేదు. ఆ అరుపు వినబట్టే పక్కింటి వెనక వల బాగుచేసుకుంటున్న బెస్తాయన లేచి వచ్చాడు.

"నాకు ఇంజన్ పడవుందండమ్మా" అన్నాడు. "ఎవరూ దిగొద్దని టముకేశారు గానండి, ఇలాంటప్పుడు ఎలాగండి? సుడి లేని చోట చూసుకుని దాటించేత్తానండి."

మంచంతో సహా మోసుకెళ్ళి పడవలో దించారు. వద్దన్నా పెద్దత్తయ్యగారు ఎక్కి కూర్చుని చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఫిస్టులా మీద వేళ్ళు పెట్టి ఇంకెటూ చూడలేదు. ఎర్రటి నీళ్ళలో దుంగలు కొట్టుకొస్తున్నాయనీ, ఒకటి పడవని రాసుకుంటూ పోయిందనీ తర్వాత బెస్తాయన చెబితే తెలిసింది. నా వేళ్ళ కింద గురగుర ఎప్పుడూ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబికి తగ్గేది, ఆగేది కాదు. ఇప్పుడు ఒకసారి ఉబికింది. తగ్గింది. ఇంకా తగ్గింది. మళ్ళీ రాలేదు. అత్తయ్యా అని పిలుద్దామనుకునేలోపు వచ్చింది. ఆ తర్వాతది ఇంకా ఆలస్యంగా వచ్చింది.

"వాంతి చేయిస్తే పోదా అమ్మా?" అని అడిగారు పెద్దత్తయ్యగారు. ఆవిడ గొంతు నేను గుర్తుపట్టలేదు.

"రక్తంలో కలిసిపోయిందండి. బయటికి రావాలంటే మెషిన్ ఒక్కటే దారి."

"నా చేత్తో ఇచ్చాను."

మా అత్తగారు విన్నారు. కళ్ళు మూసుకునే, మాట మాటకీ ఆగుతూ, "మా అక్కనేమీ అనకే. అక్క కొలత తప్పలేదు" అన్నారు.

అవతలి గట్టున వరదల కోసం పెట్టిన అంబులెన్సు ఉంది. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ కాగితం చూడగానే డాక్టరుగారు మాతో మాట్లాడటం మానేసి నర్సుల్ని కేకేశారు. ఒక ఇంజెక్షన్ మెల్లగా ఎక్కించి, గ్లూకోజూ ఇన్సులినూ పెట్టి అప్పుడు చెప్పారు. "గుండెకి కాపలా పెట్టామండి, అంతే. పొటాషియాన్ని తాత్కాలికంగా కణాల్లోకి నెట్టాం గానీ అది ఒంట్లోనే ఉంది, మళ్ళీ రక్తంలోకొస్తుంది. ఈలోగా మీరు మెషిన్ దగ్గరికి చేరాలి." అక్కడ మెషిన్ లేదు. కాలవగట్టు మీదుగా రాజమండ్రి దాకా వెళ్ళాలి. దారి పొడుగునా పశువులు, సామాన్లు వేసుకున్న ట్రాక్టర్లు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మానిటర్ మీద గుండె గీత వెడల్పవుతోందా, అంటే పొటాషియం మళ్ళీ పైకొస్తోందా, నాకలా అనిపిస్తోందా అన్నది తేల్చుకోలేక ఎదురుగా కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు దారి లేదు.

ఆసుపత్రి వాళ్ళ ఫోనుతో ముందే కబురు పెట్టాం, సెంటర్లో టెక్నీషియన్ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి ఉంది. సూదులు గుచ్చింది. గొట్టాల్లో రక్తం కదిలింది. దారాల కట్టలోంచి పోయి తిరిగి వస్తోంది. నేను పాఠం చెప్పినట్టే, ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి, ఎవరి తొందరా పట్టనట్టు జారుతోంది. మా ఆయన గోడకి ఆనుకుని దేవుడికి మొక్కుతున్నారు. నేను ఆ దారాలకే మొక్కాను. కాసేపటికి మానిటర్ మీద గీత సన్నబడింది. ఇంకాసేపటికి వేళ్ళ కింద గురగుర విడవకుండా తెలిసింది. అప్పుడు ఏడ్చాను.

ఆవిడ కళ్ళు తెరిచి మొదట అడిగింది, "అక్క ఏమైనా తిందా?" అని. పెద్దత్తయ్యగారు బయట బెంచీ మీద, తడిసిన చీరతో, లోపలికి రాకుండా కూర్చున్నారు. నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

తర్వాత ఒకరోజు అడిగాను, తెలిసి తెలిసి ఎందుకు తాగారత్తయ్యా అని. "మొగుడి తద్దినం పెట్టుకున్న మనిషి తన చేత్తో ఇస్తే కాదనలేకపోయానే. అదొక కారణం" అన్నారు. "దాహం రెండోది." నా వంక చూసి, "రెండోదే నిజం" అన్నారు. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆవిడంటే నాకెందుకంత ఇష్టమో ఎవరైనా అడిగితే ఆ మాట చెబుతాను. తన దాహానికి ఆవిడ ఎప్పుడూ మంచి పేరు పెట్టుకోలేదు.

పెద్దత్తయ్యగారు మాత్రం ఆ రోజు నుంచి మారిపోయారు. చెల్లెలి కోసం ఏది తెచ్చినా ముందు నాకు చూపించేవారు. ఫోను చేసినా అదే మాట. "బీరకాయ పెట్టొచ్చా అమ్మా? ములక్కాడ? ఉడికించి వార్చేస్తే పరవాలేదా?" పెద్దావిడ, నా తల్లి కంటే పెద్దది, నన్ను అలా అడుగుతుంటే సిగ్గేసేది. "అడగనివ్వవే, దానికి నిద్రపడుతుంది" అనేవారు అత్తగారు. అప్పట్నుంచీ ఆవిడ ఇంకెప్పుడూ కొలత దాటలేదు. నా కోసమో తన కోసమో కాదు, అక్క కోసమని నాకు తెలుసు.

అత్తగారు పోయిన పదోరోజున గోదావరి రేవులో, మెట్ల మీద ఆకు వేసి, ఆవిడకి ఇష్టమైనవన్నీ పెట్టారు. ఆవకాయ, అరటిపండు, మామిడి తాండ్ర. ఇన్నేళ్ళూ నేను చేతిలోంచి లాక్కున్నవన్నీ వరసగా ఉన్నాయి. చిన్న గ్లాసు నేను తెచ్చి ఆకు పక్కన పెట్టాను. పెద్దత్తయ్యగారు సంచిలోంచి బొండం తీశారు, తన దొడ్లో చెట్టుది. కత్తితో మూతి కొట్టించి, రెండు చేతులతో పట్టుకుని గ్లాసు మీదికి వంచబోయి ఆగిపోయారు. పంతులుగారు "కానివ్వండమ్మా" అన్నారు. ఆవిడ కదల్లేదు. వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వెతుక్కుని అడిగారు.

"ఇప్పుడియ్యొచ్చా అమ్మా?"

"ఇవ్వండి" అన్నాను.

ఆవిడ వంచారు. చిన్న గ్లాసు ఒక్క క్షణంలో నిండిపోయింది. బొండం ఎత్తలేదావిడ. నీళ్ళు గ్లాసు అంచు మీంచి ఆకులోకి, ఆకులోంచి మెట్టు మీదికి, మెట్టు మీంచి గోదావరిలోకి పోతున్నాయి. నేను ఆపలేదు.